సబ్‌టైటిల్స్ ఉన్నాయి కదా, చాలు

విదేశాల్లో పోలిష్ ఫిల్మ్ ఫెస్టివల్ పెట్టి, ప్రారంభ ప్రసంగాలు పోలిష్‌లోనే చేస్తే బయటివాళ్లకు ఏం అర్థమవుతుందని ఈమధ్య ఒక వ్యాసంలో అడిగారు. నేను ఒప్పుకోను. 2000లో గౌరవ ఆస్కార్ తీసుకుంటూ పోలిష్ సినీ దర్శకుడు ఆంద్రే వైదా ఏం చేశాడు? నా ఆలోచన సాగేది పోలిష్‌లోనే కాబట్టి అందులోనే మాట్లాడతానని అమెరికా వేదిక మీదే చెప్పాడు.

1989 నుంచి షికాగోలో ఇలాంటి పండుగ నడుస్తోంది. ఒకసారి నా కొలీగ్ నన్ను ప్రారంభానికి లాక్కెళ్లింది. ప్రసంగాల్లో ‘జెంకుయే’ (అంటే థాంక్యూ) తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు, నిజమే. లైట్లు ఆరాక పక్క సీటు బామ్మగారు డైలాగ్ పూర్తి కాకముందే పకపకా నవ్వేశారు. నేను సబ్‌టైటిల్ చదువుకుని నవ్వేసరికి ఆవిడ కళ్లు తుడుచుకుంటున్నారు! బ్రేక్‌లో సంచీలోంచి ప్లమ్ చాక్లెట్ తీసి చేతిలో పెట్టారు. అంతా పోలిష్‌లోనే, నాకు అర్థమవుతోందా లేదా అన్న టెన్షన్ ఆవిడకు లేదు.

మన తెలుగు సంఘాల సభల్లోనూ సగం ప్రసంగం ఇంగ్లీషులోకి జారిపోతుంది. అక్కడ మాత్రం ఎవరూ అడగరేం?