డీగో గార్సియాలో వాన పడింది

దేశ రక్షణ విషయంలో ప్రభుత్వాలు జనం దగ్గర ఏదో దాస్తున్నాయని గిట్టనివాళ్ళు ప్రచారం చేస్తుంటారు. ఈ ప్రచారాన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. ప్రభుత్వాలు ఏదీ దాచవు. అడిగితే చెబుతాయి. కాకపోతే మనం అడిగే వేళకి కాగితాలు తడిసి ఉంటాయి.

ఎగతాళి చేస్తున్నాననుకునేరు. బ్రిటిష్ పార్లమెంటు సాక్షిగా జరిగిన సంగతి ఇది.

కన్యాకుమారికి సుమారు 1,800 కిలోమీటర్ల దూరంలో, హిందూ మహాసముద్రం మధ్యన డీగో గార్సియా అనే దీవి ఉంది. జెండా బ్రిటన్‌ది, విమానాలు అమెరికావి. 2001 తర్వాత అమెరికా గూఢచారి సంస్థ మనుషుల్ని పట్టుకుని, కోర్టూ కేసూ లేకుండా దేశాలు దాటించేది కదా, ఆ విమానాలు ఈ దీవిలో దిగాయా అని బ్రిటన్‌లో కొందరు అడిగారు. దిగలేదని మంత్రులు ఏళ్ళ తరబడి ఓపిగ్గా చెప్పారు. 2008 ఫిబ్రవరిలో విదేశాంగ మంత్రి డేవిడ్ మిలిబాండ్ సభలో లేచి క్షమాపణ చెప్పుకున్నారు. 2002లో రెండు దిగాయట, ఒక్కోదాంట్లో ఒక్కో ఖైదీ ఉన్నాడట. అమెరికావాళ్ళు రికార్డులు వెతకడంలో పొరపాటు పడ్డారట. పాపం, ఎవరికైనా జరుగుతుంది.

సరే, ఆ 2002 నాటి రాకపోకల చిట్టా ఏదీ అని 2014లో మళ్ళీ ఎవరో అడిగారు. ఆ ఏడాది జులైలో విదేశాంగ శాఖ సహాయమంత్రి మార్క్ సిమండ్స్ జవాబిచ్చారు. 2002వి కొన్ని కాగితాలున్నాయి గానీ, నీళ్ళకి పాడై అసంపూర్తిగా ఉన్నాయన్నారు. పన్నెండేళ్ళు కుదురుగా ఉన్న కాగితాలు సరిగ్గా అడిగే ముందే తడిశాయేమిటని అంటే, జూన్‌లో అక్కడ భారీ వర్షాలు పడ్డాయన్నారు. దాంతో గోల మొదలైంది. కొద్ది రోజులకే ఇంకో జవాబు వచ్చింది. తడిసిన కాగితాల్ని ఆరబెట్టారట. ఆరాక చూస్తే విమానాల రికార్డులేవీ పోలేదట.

ఈ వార్త చదివిన రోజు నాకు లండన్ మీద ఎంత ఆప్యాయత పుట్టిందో చెప్పలేను. ఎందుకంటే ఆ జవాబు నేను అంతకుముందే విన్నాను, అదీ అచ్చ తెలుగులో. మా నాన్నగారి పొలం అడంగల్ నకలు కోసం ఒక తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళాను. రికార్డు రూము తలుపు తెరవగానే పాత గోనెసంచుల వాసన కొట్టింది. బీరువాల్లో చోటు చాలక కట్టలు కిటికీ దాకా పేర్చి ఉన్నాయి. కిటికీకి రెక్క లేదు. అటెండరు నన్ను చూసి, కట్టల్ని చూసి, కిటికీలోంచి ఆకాశాన్ని చూశాడు.

"ఎనభై ఆరు వరదల్లో అన్నీ తడిసిపోయాయండీ" అన్నాడు.

"నాకు కావలసింది తొంభై నాలుగుది కదా బాబూ" అన్నాను.

"అదే కట్టండీ" అన్నాడు.

ఆ రోజు కోపమొచ్చింది. ఇప్పుడు లేదు. పెద్ద పెద్ద బడుల్లో చదివి, సూటు వేసుకుని, హౌస్ ఆఫ్ కామన్స్‌లో నిలబడి మాట్లాడేవాళ్ళు కూడా చివరికి మా అటెండరు మాటే అన్నారంటే, పరిపాలన అనేది ఒకే మహావృక్షం, మనమంతా దాని కొమ్మలం. అసలు వాళ్ళ దగ్గరే కదా మనవాళ్ళు ఈ ఫైళ్ళూ కట్టలూ నేర్చుకున్నది.

ఆ దీవి పుట్టు పూర్వోత్తరాలు చూస్తే పారదర్శకత అక్కడ మొదటినుంచీ ఎంత గొప్పగా ఉందో తెలుస్తుంది. 1965లో బ్రిటన్, అప్పట్లో తన వలసగా ఉన్న మారిషస్‌నుంచి, డీగో గార్సియా ఉన్న చాగోస్ దీవుల్ని విడదీసి కొత్త భూభాగం ఏర్పాటు చేసింది. మారిషస్‌కి 30 లక్షల పౌండ్లు చేతిలో పెట్టింది, మూడేళ్ళకి స్వాతంత్ర్యం ఇచ్చింది. 1966 డిసెంబరులో సైనిక స్థావరం కోసం అమెరికాతో ఒప్పందం. అద్దె లేదు. పైకి లేదు. లోపల మాత్రం అమెరికా దగ్గర కొనే పొలారిస్ అణు క్షిపణుల ఖరీదులో బ్రిటన్‌కి కోటీ నలభై లక్షల డాలర్ల తగ్గింపు. ఈ సంగతి అమెరికా కాంగ్రెస్‌కీ చెప్పలేదు, బ్రిటన్ పార్లమెంటుకీ చెప్పలేదు. చూశారా, ఎక్కడా పక్షపాతం లేదు.

ఒక్కటే చిక్కు. ఆ దీవుల్లో మనుషులున్నారు. ఆఫ్రికానుంచి బానిసలుగా, దక్షిణ భారతంనుంచి కూలీలుగా వచ్చినవాళ్ళ సంతతి, తరాలుగా కొబ్బరి తోటల్లో పనిచేస్తున్నవాళ్ళు. ఐక్యరాజ్యసమితి అడిగితే ఏం చెప్పాలి? 1966లో లండన్ అధికారులు రాసుకున్న నోటు ఒకటి తర్వాత బయటపడింది. సీగల్ పక్షులు తప్ప స్థానిక జనాభా ఉండరాదని ఒకాయన రాస్తే, ఆ పక్షులతోపాటు ఎక్కణ్ణించి వచ్చారో తెలియని కొద్దిమంది టార్జాన్లు కూడా ఉన్నారని ఇంకొకాయన కింద చేర్చాడు. వాళ్ళు స్థిర నివాసులు కారు, కాంట్రాక్టు కూలీలు అని తేల్చేశారు. ఊళ్ళో శ్మశానంలో తాతల సమాధులున్న కాంట్రాక్టు కూలీలు.

1968నుంచి 1973 దాకా అందర్నీ పంపించేశారు. 1971లో, మనుషుల కంటే ముందు, కుక్కల్ని పట్టారు. సుమారు వెయ్యి కుక్కలు. కొబ్బరి ఎండబెట్టే కొట్టంలోకి తోలి, సైనిక వాహనాల పొగ గొట్టాలు లోపలికి పెట్టారు. తర్వాత మనుషులు ఓడెక్కారు, ఒక్కో పెట్టెతో. దీని రికార్డు మాత్రం ఏ వానకీ తడవలేదు.

అంతర్జాతీయ న్యాయస్థానం 2019లో, ఆ విడదీయడం చట్టబద్ధం కాదని, బ్రిటన్ అక్కణ్ణించి తప్పుకోవాలని అభిప్రాయం చెప్పింది. 2025 మే 22న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. దాని ప్రకారం దీవులు మారిషస్‌వి, స్థావరం మాత్రం 99 ఏళ్ళ లీజుకి, ఏడాదికి సగటున, 2025 ధరల్లో, 10.1 కోట్ల పౌండ్లు. మొత్తం ఎంతవుతుందన్నారు సభలో. ప్రభుత్వం 340 కోట్ల పౌండ్లంది. ప్రతిపక్షం 3,500 కోట్ల దాకా అంది. పదింతలు తేడా! ఇద్దరూ కూడిక వచ్చినవాళ్ళే. ప్రతిపక్షం ధరల పెరుగుదలతో సహా ఏటేటా కట్టేది వరసగా కూడింది. ప్రభుత్వం రేపటి పౌండు ఇవాళ్టి పౌండు కన్నా చిన్నదని లెక్కగట్టి కుదించింది. ఆ లెక్క తప్పేమీ కాదు, ఆర్థికశాస్త్రంలో ఉన్నదే. ఇంటద్దె ఇచ్చే ముందు మీ ఓనరు దగ్గర ఒకసారి ప్రయత్నించి చూడండి.

ఇంతసేపూ తెల్లవాళ్ళ సంగతే చెబుతున్నాడు, మనవాళ్ళని వదిలేశాడని అనుకోకండి. మనమేం తీసిపోలేదు. అదే మారిషస్‌కి చెందిన అగలేగా అనే జంట దీవులున్నాయి, ప్రధాన దీవికి ఉత్తరాన వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. అక్కడుండేది సుమారు 300 మంది. కొబ్బరి, చేపలు, వాళ్ళ బతుకు. 2015 మార్చిలో మన ప్రధాని మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్ వెళ్ళినప్పుడు ఈ దీవుల మీద అవగాహన ఒప్పందం కుదిరింది. ఇప్పుడక్కడ మనం కట్టిన జెట్టీ ఉంది, 3 కిలోమీటర్ల రన్‌వే ఉంది.

విశాఖలో నేవీవాళ్ళ ఐఎన్ఎస్ డేగాలో ఉన్న రన్‌వే కూడా ఇంచుమించు ఇంతే పొడుగు. అన్ని లక్షల మంది ఉన్న మహానగరానికి ఏళ్ళ తరబడి పౌర విమానాలన్నీ దాని మీదే దిగాయి. అగలేగాలో మూడువందల మందికి అదే సైజు. తలకి పది మీటర్ల రన్‌వే. పుట్టిన పిల్లాడికి బారసాలలో పది మీటర్లు రాసివ్వొచ్చు.

అది సైనిక స్థావరమా? ఛ. అప్పటి మారిషస్ ప్రధాని ప్రవింద్ జగన్నాథ్ కాదని పదే పదే చెప్పారు. దీవి జనానికి రాకపోకల సౌకర్యం, సముద్రం మీద మారిషస్‌కి నిఘా, అంతే. మరి ఒప్పందం చూపించండయ్యా అని వాళ్ళ పార్లమెంటులో ప్రతిపక్షం అడిగితే, అందులో విషయాలు గోప్యం అన్నారు. దాచడానికి ఏమీ లేదు కాబట్టి దాచారన్నమాట. ఎంత కట్టారో, ఎక్కడ కట్టారో జనం చూసింది ఉపగ్రహాలు తీసిన ఫొటోల్లోనే. అర్జీ లేకుండా, ఫీజు లేకుండా వివరాలిచ్చిన ఏకైక అధికారి ఆ ఉపగ్రహమే.

ప్రారంభోత్సవం మాత్రం బాహాటంగానే జరిగింది. ఇద్దరు ప్రధానులూ తెర మీద కనిపించి ప్రారంభించారు. తేదీ 2024 ఫిబ్రవరి 29. ఈ ముహూర్తం పెట్టిన పంతులుగారెవరో గానీ నా నమస్కారాలు. వార్షికోత్సవం రోజున విలేకరులు ప్రశ్నలడిగే బెడద కూడా నాలుగేళ్ళకోసారే.

మారిషస్ మనకి పరాయి దేశం కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో కోరింగ రేవునుంచి, విశాఖనుంచి మనవాళ్ళు చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి వెళ్ళారు. ఉగాదికి అక్కడ ఇవాళ్టికీ ప్రభుత్వ సెలవు. అప్పుడు ఏ కాగితానికి ఒప్పుకుంటున్నారో వాళ్ళలో చాలామందికి తెలియదు. ఆ సంప్రదాయాన్ని మనం ఇప్పుడు ఒప్పందాల దాకా తీసుకొచ్చాం.

సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు కదా అంటారేమో. 2005 నాటి చట్టం, పది రూపాయల ఫీజు. నేను అడగలేదు. అందులో సెక్షన్ 8(1)(ఎ) ఉంది. దేశ భద్రతకీ, వ్యూహాత్మక ప్రయోజనాలకీ, విదేశీ సంబంధాలకీ భంగం కలిగించే సమాచారం ఇవ్వక్కర్లేదంటుంది. మన ప్రశ్న పుట్టకముందే జవాబు అచ్చేసి పెట్టారు. పది రూపాయలు మిగిలాయి, టీ తాగాను.

మొన్న మళ్ళీ తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళాను. ఈసారి ఊరికే వెళ్ళలేదు. లండన్ వార్త ప్రింటు తీసి జేబులో పెట్టుకున్నాను. కిటికీకి ఇంకా రెక్క రాలేదు. అటెండరుకి కాగితం చూపించి, తడిసినవి ఆరబెడితే అన్నీ దొరికాయట బాబూ, బ్రిటిష్ ప్రభుత్వమే చెప్పిందని వివరించాను. అతను కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. కట్టల వైపు ఒకసారి చూసి అడిగాడు.

"ఎండలో ఆరబెట్టారాండీ, ఫ్యాను కిందా?"