సవరణ: ఠాణే క్రీక్ ఫ్లెమింగోలు

ముంబైలోని ఠాణే క్రీక్ (సముద్రపు పాయ) ఫ్లెమింగోల గురించి ఇంతకుముందు రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి.

పొడవుగా, తెల్లగా కనిపించేవి చిన్న ఫ్లెమింగోల పిల్లలని రాశాం. కాదు, అవి వేరే జాతి: పెద్ద ఫ్లెమింగోలు. పిల్లలు ఏ జాతివైనా బూడిద రంగులోనే ఉంటాయి. దూరం నుంచి ఎత్తు సరిగ్గా తెలియదు కాబట్టి ముక్కు చూడండి. పెద్దదానికి లేత గులాబీ ముక్కు, కొస మాత్రం నలుపు. చిన్నదాని ముక్కు ముదురు ఎరుపు, దూరానికి నల్లగానే అనిపిస్తుంది.

‘ఉదయం 7 గంటలకు వెళ్తే చాలు’ అన్నది రెండోది, అసలు ఇబ్బంది పెట్టేది. ఈ పక్షులకు గడియారం ఆటుపోట్లే. ఆటుకు నీరు తీసి బురద తేలినప్పుడు క్రీక్‌లో మేస్తాయి. పోటుకు బురద మునగగానే చాలావరకు నవీ ముంబై చిత్తడి మడుగులకు చేరి సేదతీరుతాయి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అంటే ఇవాళ 7 గంటలకు ఆటు ఉంటే, వారం తర్వాత అదే వేళకు దాదాపు నిండు పోటు! పూర్తి ఆటులోనూ పక్షులు దూరంగా చెదిరి ఉంటాయి. నీరు ఎక్కుతున్నప్పుడే గట్టుకు దగ్గరగా వస్తాయి. వెళ్లే రోజు పోటు పట్టిక చూసుకోండి.

ఈ క్రీక్‌కు 2015లో అభయారణ్యం, 2022లో రామ్‌సర్ (అంతర్జాతీయ ప్రాముఖ్యత గల చిత్తడి నేల) గుర్తింపు అని ఇచ్చిన సంవత్సరాలు సరైనవే.