ష్... ప్రాసెసర్ చల్లబడుతోంది

సొంతంగా విడిభాగాలు తెచ్చి కంప్యూటర్ బిగించుకున్నవాణ్ని "దాంతో ఏం చేస్తుంటావు?" అని అడగడం మర్యాద కాదు. "టెంపరేచర్ ఎంత?" అని అడగాలి. మొదటి ప్రశ్నకి నీళ్లు నములుతాడు. రెండోదానికి మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని గ్రాఫులు చూపిస్తాడు. ఖాళీగా ఉంటే 38 డిగ్రీలు, బ్రౌజర్ తెరిస్తే 52, మూసేస్తే 49. కంప్యూటర్ ఉన్నది పని చేసుకోడానికేనని ఒకప్పుడు నేనూ భ్రమపడ్డాను. కంప్యూటర్‌కి మెదడులాంటి చిప్పు, అదే ప్రాసెసర్, చల్లగా, గది నిశ్శబ్దంగా ఉండటమే పరమార్థమని, పని అనేది ఆ తపస్సును భగ్నం చేయడానికి వచ్చే ఆటంకమని ఆలస్యంగా తెలిసింది.

విషయం చిన్నదేమీ కాదు. కదలకుండా కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి బయటికొస్తుంది. ఇంటెల్ కోర్ ఐ9-13900కే అనే ప్రాసెసర్ పూర్తి లోడ్ మీద 253 వాట్ల దాకా లాగుతుంది. అంటే రెండున్నర మనుషుల వేడి, తపాలా బిళ్లకంటే చిన్న సిలికాన్ ముక్కలో! అంత చిన్న ఒంట్లో అంత కోపం పెట్టుకున్న ప్రాణిని కనిపెట్టుకుని ఉండొద్దూ? 1989లో వచ్చిన ఇంటెల్ 486 చిప్పుల్లో చాలావాటికి అసలు ఫ్యానే ఉండేది కాదు. అప్పటివాళ్లకి పాపం పని చేసుకోవడం తప్ప వేరే కాలక్షేపం దొరికేది కాదు.

ఈ విషయంలో తయారీదారుల నిర్లక్ష్యాన్ని ఖండించక తప్పదు. 2022లో రైజెన్ 7000 వరుస ప్రాసెసర్లు తెచ్చినప్పుడు, బరువైన పని పడితే 95 డిగ్రీల దాకా వెళ్లేలాగే వాటిని తయారుచేశాం, కంగారు పడకండి అన్నట్టు చెప్పింది ఏఎండీ. ఇంటెల్ వైపు చాలా చిప్పులకి హద్దు 100. ఆ హద్దుకి చేరితే ప్రాసెసరే వేగం తగ్గించుకుని తన ప్రాణం తాను కాపాడుకుంటుంది, మరీ మించితే మిషన్ ఆగిపోతుంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినా 70 కనపడగానే కాళ్లూ చేతులూ ఆడవు. పిల్లాడికి జ్వరమొచ్చినప్పుడు కూడా థర్మామీటర్ ఇన్నిసార్లు చూసి ఉండను. (ఈ వాక్యం ఇంట్లోవాళ్ల కంట పడదనే ధైర్యంతో రాస్తున్నాను.)

ఈ భయం నాకు మొదటిరోజే పట్టుకుంది. ప్రాసెసర్ నెత్తిన, దాని వేడిని లాగేసే కూలర్ బిగించి స్విచ్ నొక్కాను. ఇంకా కంప్యూటర్ పూర్తిగా లేవకముందే కనిపించే సెట్టింగుల తెర, బయోస్‌లోనే ఉన్నాను, అంకె 60, 75, 90. ఫ్యాన్లన్నీ ఒకేసారి గోల పెట్టాయి. ప్లగ్గు పీకి, కూలర్ విప్పి చూస్తే దాని అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర. బిగించేముందు దీన్ని తీసేయండి అని దానిమీదే ఎర్రటి పెద్దక్షరాలతో రాసి ఉంది. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ మాత్రం ఆ పొరమీద అంచు నుంచి అంచుదాకా ఎంత చక్కగా పరుచుకుందంటే, మళ్లీ అంత బాగా నాకు ఎప్పుడూ కుదరలేదు.

పేస్ట్ శాస్త్రం నిజానికి రెండు ముక్కల్లో అయిపోతుంది. లోహం ఎంత నున్నగా కనిపించినా దానిమీద కంటికి ఆనని గుంటలుంటాయి. వాటిలో గాలి చేరుతుంది, గాలి వేడిని మోయడంలో ఒట్టి సోమరిపోతు, దాన్ని బయటికి తరమడానికే పేస్ట్. దాన్ని ఎలా పెట్టాలన్న దగ్గరే మతాలు పుట్టాయి. నడిమధ్యన చుక్క పెట్టేవాళ్లు, నిలువుగీత గీసేవాళ్లు, ఇంటూ మార్కు వేసేవాళ్లు, పాత కార్డుముక్కతో గోడకి సున్నం కొట్టినట్టు పులిమేవాళ్లు. సరిపడా పెట్టి కూలర్ బిగిస్తే, ఆ నొక్కుడికి అన్నీ దాదాపు ఒకేలా పరుచుకుంటాయి. ఈ మాట ఏ మతంవాడి ముందూ అనకండి.

అసలు కథ ఫ్యాన్లది. మీరు బ్రౌజర్లో ఓ ట్యాబ్ తెరిచారనుకోండి. చిప్పు లోపలి వేడి రెప్పపాటులో 15, 20 డిగ్రీలు ఎగిరి, అంతే త్వరగా దిగిపోతుంది. పైన కూర్చున్న కూలర్ లోహానికి ఆ సంగతే తెలీదు. ఫ్యాన్ మాత్రం బుయ్యిమని లేచి, "ఏమైంది, ఏమైంది" అని హడావిడి చేసి, ఏమీ కాలేదని తెలిసి కూర్చుంటుంది. ఇంకో ట్యాబ్. మళ్లీ బుయ్యి. ఎవరైనా తుమ్మితే అంబులెన్సుకి ఫోన్ చేసే రకం. దీనికి మందు బయోస్‌లోనే ఉంది. ఎంత వేడికి ఎంత వేగమో చెప్పే గీత, అదే ఫ్యాన్ కర్వ్‌ను 65, 70 డిగ్రీల దాకా పెద్దగా ఎత్తు లేకుండా గీసి, వేగం పెంచేముందు కొన్ని సెకన్లు ఆగమని చెబితే సరి. రెండు నిమిషాల పని. నాకు మూడు వారాలు పట్టింది. గ్రాఫ్ మీది చుక్కని ఒక గడి ఎడమకి జరిపి, సేవ్ చేసి, రీస్టార్ట్ చేసి, ఊపిరి బిగబట్టి విని, అదే చుక్కని మళ్లీ ఒక గడి కుడికి జరిపేవాణ్ని. దేశాల సరిహద్దులు గీసినవాళ్లు కూడా ఇంత ఆలోచించలేదు.

తర్వాత ఒక ప్రమాదకరమైన లెక్క నా కంటపడింది. ఫ్యాన్ వేగం సగం చేస్తే గాలి సగమే తగ్గుతుంది గానీ చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. పక్కన అలాంటిదే ఇంకోటి తిప్పితే పెరిగేది 3 డెసిబెల్సే. అంటే ఒకడు పరిగెత్తే బదులు ఇద్దరు నడిస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందన్నమాట. ఇద్దరితో ఆగితే లెక్క బాగానే ఉండేది. నేను ఏడుగురిని పెట్టాను. నీళ్ల కూలర్ వేస్తే ఫ్యాన్ల గొడవే ఉండదన్నారు, అదీ చూశాను. ఫ్యాన్లు ఎక్కడికీ పోలేదు, ఆ నీళ్లని చల్లార్చే రేడియేటర్ మీదకి ఎక్కి కూర్చున్నాయి. వాటికి తోడు గుసగుసలాడే పంపొకటి వచ్చింది.

పైసా ఖర్చు లేని దారి ఇంకోటుంది. ప్రాసెసర్‌కి వెళ్లే పవర్‌నే తగ్గించడం. 170 వాట్ల రేటింగ్ ఉన్న రైజెన్ 9 7950ఎక్స్‌ను ఎకో మోడ్‌లో 105కో 65కో దించుకోవచ్చు. చివరి కాస్త వేగం కోసమే చిప్పు వోల్టేజ్ ఎక్కువ అడుగుతుంది, వేడి ఆ వోల్టేజ్ వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుంది. ఆ కాస్తా వదులుకుంటే మామూలు వాడకంలో తేడా తెలీదు, ఫ్యాన్లకి పనీ ఉండదు. ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదంటారా? ముందే చెబితే ఏడు ఫ్యాన్లు కొనేదెవరు?

చివరికి ఒక రాత్రి నా మిషన్ నోరు మూసుకుంది. పండగే అనుకుంటుండగా సన్నగా, ఈగ రెక్కల్లా ఏదో కూత. క్యాబినెట్ పక్కన మోకాళ్లమీద కూర్చుని, ఒక్కో ఫ్యాన్ బొడ్డుమీద వేలు ఆనించి ఆపుతూ వెళ్లాను. ఏడూ అయ్యాయి, కూత ఆగలేదు. వెనకాల తెరిచి వదిలేసిన గేమ్ మెనూ కోసం చెమటోడుస్తున్న గ్రాఫిక్స్ కార్డులో తీగచుట్టలు (కాయిల్స్) చేస్తున్న పని అది. సెకనుకి ఎన్ని బొమ్మలు గీయాలన్న ఫ్రేమ్ రేటుకి హద్దు పెట్టాను, కూత ఆగింది. అప్పుడు వంటింట్లో ఫ్రిజ్ వినిపించింది. తలుపు మూశాను. అప్పుడు గోడ గడియారం. టిక్. టిక్. ఇన్నేళ్లుగా అది తలమీదే కొట్టుకుంటోందని నాకు తెలీనే తెలీదు. కుర్చీ ఎక్కి బ్యాటరీ తీసేశాను.

ఇప్పుడు టైమెంతయిందో తెలియాలంటే కంప్యూటర్ ఆన్ చేస్తున్నాను.