చట్టాలు అర్థమయ్యే ప్రమాదం

చట్టాలు సామాన్యుడికి అర్థమయ్యే భాషలో ఉండాలని గుంటూరులో కూడా కొందరు పెద్దమనుషులు అంటున్నారు. వాళ్లను ఎలాగైనా ఆపాలి. చట్టం అందరికీ అర్థమైపోతే కోర్టు బయట టీ బండివాడు, జిరాక్సు షాపువాడు, స్టాంపు వెండరు, నోటరీ ఏం తిని బతకాలి? ప్లీడర్ల సంగతి వేరే చెప్పాలా!

తమలపాకునే తీసుకోండి. కూరగాయలకు అమ్మకం పన్ను లేదు, తమలపాకూ కూరగాయే అని అకోలా వ్యాపారి ఒకాయన వాదించాడు. కూరగాయ అంటే ఏమిటో చట్టంలో లేదు. గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1961లో తేలింది: వృక్షశాస్త్రం ఏమన్నా సరే, జనం వాడుకలో ఏది కూరగాయో అదే కూరగాయ, తమలపాకు కాదు. ఇదే మాట బ్రాడీపేటలో ఏ కిళ్లీకొట్టువాడైనా ఆకుకు సున్నం రాస్తూ ఫీజు లేకుండా చెప్పేవాడు. అలా చెప్పించేసుకుంటే న్యాయశాస్త్రం ఎదిగేదెలా?

అంతకంటే గొప్పది ‘సదుద్దేశం’. తగిన జాగ్రత్త లేకుండా చేసిన పని సదుద్దేశంతో చేసినట్టు కాదని 1860 నాటి శిక్షాస్మృతి అంది. నిజాయితీగా చేస్తే చాలు, నిర్లక్ష్యంగా చేసినా సదుద్దేశమేనని, చట్టాల్లోని మాటలకు అర్థాలు చెప్పే 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్ అంది. శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినా ఈ తేడాను మాత్రం పదిలంగా కాపాడుకున్నాం. మా లైనులో సైడు కాలువ తవ్వి, మూత వెయ్యకుండా పోయిన మహానుభావుడు ఒక చట్టం ప్రకారం సదుద్దేశపరుడు, ఇంకోదాని ప్రకారం కాదు. స్కూటరుతో సహా అందులో పడ్డవాడు మాత్రం రెండు చట్టాల ప్రకారమూ ఒకేలా పడ్డాడు.

కాలం సంగతీ అంతే. గవర్నరు బిల్లును తిప్పి పంపాలంటే ‘సాధ్యమైనంత త్వరగా’ పంపాలని రాజ్యాంగం 200వ అధికరణ చెబుతుంది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దానికి నెలల లెక్కన గడువులు పెట్టింది. నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అలాంటి గడువులు కోర్టు పెట్టడం కుదరదంది. హమ్మయ్య!

నా టెన్షనంతా మిర్చి యార్డుతోనే. అక్కడివాళ్లకు స్పష్టత అనే దురలవాటు ఉంది. తేజ రకం అంటే తేజ, నాసిరకం తాలు అంటే తాలు. కొనేవాడు టిక్కీ బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి, చేత్తో నలిపి, గింజల చప్పుడు విని, ఒక కాయ తొడిమ విరిచి చూసి, చెమ్మ ఉందో లేదో అక్కడికక్కడే చెప్పేస్తాడు. రైతు రేటు దగ్గర పోట్లాడతాడే గానీ ‘తాలు అనగానేమి’ అని రిట్ వెయ్యడు. లారీ కదిలేలోపు అంతా తేలిపోతుంది. ఇలాంటివాళ్లను బిల్లులు రాసేవాళ్ల దరిదాపులకు రానివ్వకూడదు. అసెంబ్లీ ఉన్న వెలగపూడి ఇక్కడికి ఏమంత దూరమని!

అందుకే ముందుజాగ్రత్తగా నేనే ఒక బిల్లు రాశాను. “ఏ ఇతర చట్టములో ఏమి ఉన్నప్పటికినీ, అర్థమగుటకు వీలున్న ప్రతి వాక్యమును అర్థము కానట్లే భావించవలెను, అయితే, సదరు వాక్యము పౌరునికి జరిమానా విధించునదైనచో, అది అతనికి పుట్టుకతోనే అర్థమైనట్లు భావించవలెను.” పక్కింటి ప్లీడరుగారికి చూపిస్తే, కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, “బాగానే ఉందండీ, కానీ మరీ విషయం తెలిసిపోతోంది” అన్నారు.