ఫోను తీసేశాక మిగిలే సాయంత్రాలు

పిల్లల చేతుల్లోంచి ఫోన్లు తీసేయాలన్న వాదన ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. 2023లో యునెస్కో హెచ్చరించింది, అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాలల్లో వాటిని నిషేధించింది, 2025 డిసెంబరు 10 నుంచి ఆస్ట్రేలియా పదహారేళ్లలోపు వారికి సామాజిక మాధ్యమాల ఖాతాలే లేకుండా చేసింది. నిషేధించాలా వద్దా అన్నదాని చుట్టూనే చర్చ అంతా తిరుగుతోంది. నా దృష్టిలో అది చిన్న ప్రశ్న. ఫోను తీసేసిన విద్యార్థికి సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది వరకు ఏమివ్వబోతున్నామన్నది అసలు ప్రశ్న. దానికి మన ప్రభుత్వాల దగ్గర గానీ, మన కళాశాలల యాజమాన్యాల దగ్గర గానీ జవాబు లేదు. జవాబు వెతికిన చోటు ఒకటి అమెరికాలో, రాష్ట్రమంతా కలిపినా జనాభా విజయవాడ నగరమంత ఉండని వయోమింగ్‌లో ఉంది.

విండ్ రివర్ పర్వతాల పక్కన ల్యాండర్ అనే ఊరు. జనాభా సుమారు 7,500. అక్కడి వయోమింగ్ క్యాథలిక్ కాలేజ్ 2007లో తొలి విద్యార్థులను చేర్చుకుంది. ఇప్పటికీ విద్యార్థుల సంఖ్య రెండు వందలకు అటూ ఇటూగానే ఉంటుంది. చేరినవారు తమ ఫోన్లను కళాశాలకు అప్పగించాలి, వసతి గృహాల్లో ఇంటర్నెట్ ఉండదు. ఎంచుకోవడానికి వేర్వేరు కోర్సులు లేవు. హోమర్, ప్లేటో, యూక్లిడ్, అక్వినాస్, డాంటే, షేక్‌స్పియర్ అంటూ అందరూ నాలుగేళ్లూ అవే పాఠాలు చదివి, చివరికి ఒకే పట్టా తీసుకుంటారు. లాటిన్‌లో మాట్లాడటం నేర్చుకుంటారు, పద్యాలు కంఠతా పడతారు. గుర్రపు స్వారీ కూడా మొదటి ఏడాది పాఠ్యాంశమే. ప్రభుత్వ సొమ్ముతో పాటు ప్రభుత్వ షరతులు కూడా వస్తాయన్న అనుమానంతో, విద్యార్థులకు అందే కేంద్ర ప్రభుత్వ రుణాలూ గ్రాంట్లూ తమకు వద్దని 2015లో తీర్మానించుకున్న సంస్థ ఇది. ఆ తీర్మానం సంగతి వేరే చర్చ.

ఇక్కడి విద్యార్థి జీవితం తరగతి గదిలో మొదలు కాదు. పాఠాలకు ముందే కొత్తవారిని 21 రోజుల పాటు కొండల్లోకి పంపుతారు. చిన్న బృందాలుగా, అబ్బాయిలు వేరుగా, అమ్మాయిలు వేరుగా వెళతారు. కావలసిన సామానంతా వీపున మోసుకుని నడవాలి, తామే వండుకోవాలి, డేరాలు వేసుకోవాలి, పటం చూసి దారి తెలుసుకోవాలి. చలికాలం వచ్చాక మరోసారి మంచులోకి వెళతారు. దీన్ని సాహస యాత్రగా చూసి ముచ్చటపడేవారు అసలు సంగతి వదిలేసినట్టే. వానలో తన డేరా తాడు పట్టుకుని నిలబడ్డ తోటివాడితో ఆ తరువాత తరగతిలో విభేదించడానికి విద్యార్థి జంకడు, అతను తనను విమర్శించినా అవమానంగా తీసుకోడు. ఇరవై మందిలోపు ఉండే ఆ తరగతుల్లో చర్చ నిజంగా చర్చగా సాగాలంటే కావలసిన నమ్మకం ఆ మూడు వారాల్లో సిద్ధమవుతుంది. కొండ ఎక్కడం కూడా పాఠం కోసమే.

మనుషులు తక్కువ కావడంలో ఇంకొక గుణం ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. రెండు వందల మంది ఉన్నచోట నచ్చనివాడిని తప్పించుకు తిరగడం సాధ్యం కాదు. రాత్రి గొడవపడినవాడు పొద్దున అల్పాహారం దగ్గర ఎదురవుతాడు, తరువాతి గంటలో యూక్లిడ్ సిద్ధాంతాన్ని బోర్డు మీద నిరూపించేది కూడా అతనే కావచ్చు. ఫోనులో అయితే ఒక్క మీటతో మనిషిని కనబడకుండా చేయవచ్చు. ల్యాండర్‌లో మాట్లాడుకోవాలి, రాజీపడాలి, లేదా ఒప్పించాలి. నాలుగో ఏడాది చివర ప్రతి విద్యార్థీ ఒక వ్యాసం రాసి, ఆ విషయం మీద అందరి ముందూ ప్రసంగించి, ఎవరేమి అడిగినా నిలబడి సమాధానం చెప్పాలి. తనను నాలుగేళ్లుగా ఎరిగినవారి ముందు తెలియనిది తెలిసినట్టు నటించడం కుదరదు కాబట్టి, ఏ ప్రశ్నపత్రానికీ సాధ్యం కాని పరీక్ష అది.

ఇదంతా ల్యాండర్‌లో కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. 1852లో డబ్లిన్‌లో జాన్ హెన్రీ న్యూమన్ విశ్వవిద్యాలయం ఎలా ఉండాలో వివరిస్తూ ఉపన్యాసాలిచ్చాడు. 2019లో కథోలిక సంఘం పునీతుడిగా ప్రకటించిన న్యూమన్ ఈయనే. ఆ ఉపన్యాసాల్లో ఒకచోట ఆయన రెండు నమూనాలను ఎదురెదురుగా నిలబెడతాడు. ఒకటి, విద్యార్థులు కలిసి ఉండే ఏర్పాటు గానీ, గురువుల దగ్గరి పర్యవేక్షణ గానీ లేకుండా, పరీక్ష నెగ్గిన ఎవరికైనా పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం. రెండోది, ఆచార్యులూ పరీక్షలూ ఏమీ లేకుండా, యువకులను మూడు నాలుగేళ్లు ఒకచోట కలిపి ఉంచి పంపించేసేది. ఎంచుకోక తప్పకపోతే రెండోదే మేలని, అందులో తనకు సంకోచమేమీ లేదని ఆయన తేల్చేశాడు. చురుకైన యువకులు ఒకచోట ఉంటే, నేర్పేవారు లేకపోయినా ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటారన్నది ఆయన వాదన. మొదటి నమూనా ఊహాజనితం కాదు. 1836లో ఏర్పడిన లండన్ విశ్వవిద్యాలయం పని అప్పట్లో పాఠాలు చెప్పడం కాదు, పరీక్షలు పెట్టి పట్టాలివ్వడం.

మన కథ ఇక్కడే మొదలవుతుంది. న్యూమన్ అలా కాదన్న రెండేళ్లకు, 1854లో ఇక్కడి విద్యా విధానంపై బ్రిటన్ నుంచి వచ్చిన ఆదేశపత్రం, వుడ్స్ డిస్పాచ్, భారతదేశానికి ఆ లండన్ నమూనానే సిఫార్సు చేసింది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టాయి. పాఠాలు చెప్పే పని కళాశాలలది, పరీక్ష పెట్టే అధికారం విశ్వవిద్యాలయానిది. మచిలీపట్నం నోబుల్ కళాశాల మొదలుకొని కోస్తా కళాశాలలన్నీ మద్రాసు పెట్టే పరీక్షకు విద్యార్థులను తయారుచేసే చోట్లయ్యాయి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చినా అనుబంధ కళాశాలల పద్ధతి పోలేదు. ఉస్మానియా 1918లో బోధనా విశ్వవిద్యాలయంగా, వేరే దారిలో మొదలైంది. కాలక్రమంలో అదీ వందల అనుబంధ కళాశాలలకు పరీక్షలు నిర్వహించే యంత్రాంగమైంది. కలిసి బతకడం చదువులో భాగమన్న ఆలోచన మన వ్యవస్థ పునాదిలోనే లేదు. నూట అరవై ఏళ్లకు పైగా మనం పరీక్షను విద్య అనుకుంటున్నాం, హాస్టల్‌ను దానికి అనుబంధంగా కట్టిన షెడ్డు అనుకుంటున్నాం.

ఆ ఆలోచన చివరికి ఎక్కడికి చేరిందో చూడాలంటే విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఒక రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలకు వెళితే చాలు. అక్కడా ఫోన్లు ఉండవు. అక్కడా పిల్లలు ఒకే కప్పు కింద ఉంటారు. పైపైన చూస్తే ల్యాండర్‌కూ దానికీ తేడా లేదనిపిస్తుంది. కానీ పొద్దున్నే లేచింది మొదలు రాత్రి నిద్ర వరకు సమయమంతా స్టడీ అవర్స్‌కూ వారాంతపు పరీక్షలకూ పోతుంది. మాట్లాడుకోవడం అక్కడ క్రమశిక్షణ తప్పడం కింద లెక్క. మార్కులను బట్టి సెక్షన్ మారిపోతుంది కాబట్టి నిన్నటి స్నేహితుడు ఇవాళ వేరే గదిలో ఉంటాడు. పక్క మంచం మీది పిల్లవాడు తోడు కాదు, ర్యాంకులో పోటీదారు. కలుపు తీసి నారు వేయకుండా వదిలేసిన మడిలో మళ్లీ మొలిచేది కలుపే. రెండేళ్లు ఫోను ముట్టని విద్యార్థి ఇంజినీరింగ్‌లో చేరగానే దానికి అతుక్కుపోతే ఆశ్చర్యపోతాం గానీ, ఫోను లేని సాయంత్రాన్ని మరో మనిషితో ఎలా గడపాలో ఆ రెండేళ్లలో ఎవరూ అతనికి నేర్పలేదని గుర్తించం.

ల్యాండర్ కళాశాలను విమర్శించేవారి మాటల్లో నిజం లేకపోలేదు. ఒకే విశ్వాసం, ఇంచుమించు ఒకే రకం కుటుంబ నేపథ్యం ఉన్నవారు తమలో తాము వాదించుకోవడం భిన్నాభిప్రాయం అనిపించుకోదని వారంటారు. ఆ పట్టాతో ఉద్యోగం దొరకడం కష్టమనీ, అంత చిన్న సంస్థలు నిలబడవనీ అంటారు. ఆల్బనీలోని సెయింట్ రోజ్, పెన్సిల్వేనియాలోని కాబ్రిని వంటి కథోలిక సంస్థలు 2024లో మూతపడ్డాయన్నది వాస్తవమే. వాటి సరసన చేరనని ల్యాండర్ కూడా హామీ ఇవ్వలేదు. అయినా నేను అరువు తెచ్చుకోమంటున్నది వారి మతాన్ని గానీ, వారి లాటిన్‌ను గానీ కాదు. అక్కడ చేరేవారు పద్దెనిమిదేళ్ల వయసులో నియమాలన్నీ తెలిసి చేరతారు, మన పిల్లలను మనం పదిహేనో ఏట తీసుకెళ్లి అప్పగిస్తాం. ఆ ఒక్క తేడాకు ఈ విమర్శకుల్లో ఎవరూ బదులు చెప్పరు.

కథోలిక కళాశాలలు మనకు కొత్తవి కావు. 1953లో జెస్యూట్లు అనే కథోలిక సన్యాసుల సంఘం విజయవాడలో స్థాపించిన ఆంధ్ర లయోలా, అదే నగరంలో సన్యాసినులు నడిపే మారిస్ స్టెల్లా, హైదరాబాద్ బేగంపేటలోని సెయింట్ ఫ్రాన్సిస్ తరతరాల విద్యార్థులను చూశాయి. క్రమశిక్షణకు వాటికి మంచి పేరుంది, మూడింటికీ స్వయంప్రతిపత్తి ఉంది. అంటే పాఠ్య ప్రణాళికను తామే రూపొందించుకుని, పరీక్షలు తామే నిర్వహించుకునే వెసులుబాటు ఉంది. 1857 నాటి ముడిని విప్పగలిగే స్థానంలో ఉన్న కళాశాలలు ఇవే. అయితే స్వయంప్రతిపత్తి వచ్చాక మన కళాశాలల్లో ఎక్కువ భాగం చేసింది, విశ్వవిద్యాలయం పెట్టే పరీక్షనే తమ పేరుతో తాము పెట్టుకోవడం.

అలాంటి ఒక కళాశాల హాస్టల్‌లో యాభై మందితో మొదలుపెట్టవచ్చు. వారానికి మూడు సాయంత్రాలు స్టడీ అవర్ బదులు, పదిహేను మందికి మించని బృందాలు ఒక అధ్యాపకుడితో కూర్చుని ఒకే పుస్తకం చదివి వాదించుకోవాలి. ఆ పుస్తకం మహాభారతం కావచ్చు, యూక్లిడ్ కావచ్చు, రాజ్యాంగ సభ చర్చలు కావచ్చు. దానికి మార్కులు ఉండకూడదు, ఆ గంటలో అధ్యాపకుడి ఫోను కూడా బయటే ఉండాలి. డిగ్రీ చివరి సెమిస్టరులో ఒక పేపరును తీసేసి, దాని స్థానంలో తెలుగులోనో ఇంగ్లిషులోనో బహిరంగ ప్రసంగాన్నీ ప్రశ్నోత్తరాలనూ పెట్టాలి. జూనియర్లూ, తల్లిదండ్రులూ, ఊరివారూ వచ్చి ప్రశ్నలు అడగవచ్చు. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు. పాఠ్య ప్రణాళికా మండలిలో ఒక తీర్మానమూ, ఆ సాయంత్రాలు విద్యార్థులతో కూర్చోవడానికి ఒప్పుకునే నలుగురు అధ్యాపకులూ చాలు. ఆ నలుగురికి దాన్ని అదనపు పనిగా కాక బోధన గంటలుగా లెక్కించి జీతం ఇవ్వాలి.