కుట్లు నానిపోతాయా?

"ఫిస్టులా ఆపరేషన్ అయిన ఆడవాళ్ళకి జాగ్రత్తలు" అనే మెసేజ్ మళ్ళీ వచ్చింది. అమలాపురం నుంచి ఒకరు, పాలకొల్లు నుంచి ఒకరు, చివరికి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా. మూత్రసంచికీ యోనికీ మధ్య పడిన రంధ్రం కుట్టించుకున్నాక మళ్ళీ కారకూడదంటే నీళ్ళు తగ్గించాలట, చేపలూ పప్పూ మానాలట, మూత్రం పైపు త్వరగా తీయించేయాలట, మూడు నెలలు భర్తకు దూరంగా ఉండాలట. అయినా కారిందంటే తప్పు ఆవిడదేనట, ఇక మందు లేదట. పంపేవాళ్ళందరూ చదువుకున్నవాళ్ళే!

బాలింతకు సొరపిట్టు పెట్టే జిల్లాల్లో కూర్చుని చేప తింటే కుట్లు మానవని రాయడానికి చెయ్యెలా వచ్చిందో. పప్పు తింటే చీము పట్టదు. తినమనండి.

అసలు కోపం నీళ్ళ మీద. "ఎక్కువ తాగితే కుట్లు నానిపోతాయి" అట. నానడానికి అవేమైనా మినుములా? తాగడం తగ్గిస్తే మూత్రం ఆగదు, చిక్కబడుతుంది. అందులోని మడ్డీ, రక్తపు గడ్డలూ పైపులో అడ్డం పడతాయి. పైపు మూసుకుపోతే మూత్రసంచి ఉబ్బుతుంది, ఆ ఒత్తిడంతా పడేది నిన్నగాక మొన్న వేసిన కుట్ల మీద. అంటే మళ్ళీ రంధ్రం పడకుండా అని చెప్పిన మొదటి జాగ్రత్తే రంధ్రం పడేట్టు చేసే పని. గుండెకో కిడ్నీకో జబ్బుండి డాక్టరు కొలత చెబితే తప్ప, పైపుకి తగిలించిన సంచిలోకి దిగే మూత్రం దాదాపు నీళ్ళలా కనబడేటంత తాగాలి, మన ఉక్కపోతలో ఇంకాస్త ఎక్కువే. సంచిలోకి చుక్క రాకుండా పొత్తికడుపు బిగిసినా, పైపు పక్కనుంచి తడి అయినా, పొద్దున్న చూద్దాంలే అనుకోకుండా అప్పుడే ఆసుపత్రికి చెప్పాలి.

పైపు సంగతీ అంతే. చిక్కుల్లేని ఫిస్టులాకి ఆపరేషన్ తర్వాత 7 నుంచి 10 రోజులు ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది, పెద్దదైతే సర్జన్ ఇంకా ఉంచుతారు. చిరాకే, కానీ ఎప్పుడు తీయాలో ఫ్యామిలీ గ్రూపు తేల్చదు.

మూడు నెలల మాట మాత్రం సరైనదే. డాక్టర్లూ దాదాపు అదే చెబుతారు, మన ఇళ్ళల్లో ఎవరూ నోరు విప్పి చెప్పని ఆ మాట ఈ దిక్కుమాలిన మెసేజే చెప్పింది. కాకపోతే ఆవిడకి రాశారు. భర్తకి రాయాల్సింది.

ఇక "తప్పు ఆవిడదే". మళ్ళీ కారే ప్రమాదం పెంచేవేంటో తెలుసా? రంధ్రం పెద్దదవడం, చుట్టూ కండ మచ్చకట్టి గట్టిపడడం, మూత్రద్వారం దగ్గరి కండరం కూడా దెబ్బతినడం, కేన్సర్‌కి రేడియేషన్ తీసుకుని ఉండడం, అంతకుముందే ఒక ఆపరేషన్ విఫలమవడం. ఇవన్నీ ఆవిడ థియేటర్లోకి వెళ్ళకముందే ఉన్నవి. ఇందులో ఆవిడ చేసిన పాపమేది? కష్టమైన కాన్పుల్లోనే కాదు, గర్భసంచి తీసేటప్పుడు మూత్రసంచికి దెబ్బ తగిలి కూడా ఈ రంధ్రం పడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసేశారు, దేశం మొత్తం మీద 3. దీని మీద ఒక్క ఫార్వర్డూ రాదేం?

మందు లేదన్నది పచ్చి అబద్ధం. రెండోసారి కుట్టడం మొదటిసారి కంటే కష్టం, నిజమే, అందుకే మొదటిదే చెయ్యి తిరిగినవాళ్ళ దగ్గర చేయించుకోవాలి. కానీ రెండోసారి, మూడోసారి కుట్టించుకుని నయమైనవాళ్ళున్నారు. పైగా కారిన ప్రతిసారీ కుట్లు ఊడినట్టు కాదు. దగ్గినప్పుడో లేచినప్పుడో మాత్రమే పడుతుంటే, రంధ్రం మూసుకునే ఉండి మూత్రాన్ని బిగించే కండరం వదులై ఉండొచ్చు. మూత్రసంచిలోకి నీలం రంగు నీళ్ళు ఎక్కించి, యోనిలో దూది పెట్టి చూస్తే రంధ్రం ఉందో లేదో చాలావరకు తెలుస్తుంది. కాకినాడ వెళ్ళినా రాజమండ్రి వెళ్ళినా పాత డిశ్చార్జి కాగితాలు, ముఖ్యంగా మొదటి ఆపరేషన్ నోట్సు, వెంట తీసుకెళ్ళండి.