మౌలిక చట్టం చదివిన నేరం

జాషువా వాంగ్ అంటే చాలామందికి ఇప్పటికీ హాంకాంగ్‌లో ప్రజాస్వామ్యం కోసం 2014లో సాగిన గొడుగుల ఉద్యమంలోని బక్కపలచని విద్యార్థే గుర్తుకొస్తాడు. పద్నాలుగేళ్లకే ‘స్కాలరిజం’ అనే విద్యార్థి సంఘాన్ని స్థాపించి, చైనా పట్ల దేశభక్తిని నూరిపోసే ‘జాతీయ విద్య’ను బడుల్లో తప్పనిసరి చేయాలన్న ఆలోచనపై 2012లో హాంకాంగ్ ప్రభుత్వాన్ని వెనక్కి తగ్గించిన ఆ కుర్రాడు, ఇరవై నాలుగేళ్ల వయసులో, 2020 నవంబరులో జైలుకు వెళ్లి మళ్లీ బయటికి రాలేదు.

అతడికి 2024 నవంబరులో నాలుగేళ్ల ఎనిమిది నెలల శిక్ష పడిన ‘47 మంది కేసు’లో, అంటే జాతీయ భద్రతా చట్టం కింద 47 మంది ప్రజాస్వామ్యవాదులపై పెట్టిన కేసులో, కుట్రగా తేలింది ఏమిటి? 2020 జూలైలో ప్రజాస్వామ్య పక్షాలు తమ అభ్యర్థులను ఎంచుకోవడానికి జరిపిన, ఆరు లక్షల మందికి పైగా ఓటేసిన ప్రాథమిక ఎన్నిక. శాసన మండలిలోని 70 స్థానాల్లో ఆధిక్యం సాధించి బడ్జెట్‌ను తిరస్కరించాలన్నది వారి వ్యూహం. మండలి బడ్జెట్‌ను తిరస్కరించి రద్దయ్యాక, కొత్త మండలి కూడా దానిని కాదంటే ప్రభుత్వాధినేత అయిన చీఫ్ ఎగ్జిక్యూటివ్ రాజీనామా చేయాలని హాంకాంగ్‌కు రాజ్యాంగం లాంటి మౌలిక చట్టంలోని 52వ అధికరణమే చెబుతోంది. ఆ దారిలో నడవాలనుకోవడం రాజ్యాధికారాన్ని కూలదోసే కుట్ర అయింది. పైగా జూలై 30నే వాంగ్‌ను పోటీకి అనర్హుడిగా ప్రకటించారు, మర్నాడు ఎన్నికలనే ఏడాదిపాటు వాయిదా వేశారు. జరగని ఎన్నికలో, గెలవని స్థానంలో కూర్చుని, వేయని ఓటుకు అతడు శిక్ష అనుభవిస్తున్నాడు.

2019 నాటి నిరసనల్లో నగరం తగలబడిందనీ, ఏ దేశమైనా తన భద్రతను చూసుకుంటుందనీ, వాంగ్ స్వయంగా నేరం ఒప్పుకున్నాడనీ బీజింగ్ సమర్థకులు అంటారు. జ్యూరీ లేని, ప్రభుత్వం ఎంపిక చేసిన జాబితాలోని న్యాయమూర్తులే విచారించే, బెయిలు దాదాపు దొరకని కేసులో, ఒప్పుకుంటే శిక్ష మూడో వంతు దాకా తగ్గే చోట ఆ ఒప్పుకోలుకు విలువెంత? ఆ శిక్ష సాగుతుండగానే, 2025 జూన్‌లో, విదేశీ శక్తులతో కుమ్మక్కయ్యాడంటూ యావజ్జీవం పడగల మరో అభియోగం మోపారు.

బీజింగ్‌ను మాత్రమే తప్పుపట్టి ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. 2020 డిసెంబరులో వాంగ్‌కు పదమూడున్నర నెలల శిక్ష వేయడానికి ఆధారమైన, సభలనూ ఊరేగింపులనూ నియంత్రించే పబ్లిక్ ఆర్డర్ చట్టం, 1967లో బీజింగ్ అనుకూల వామపక్షీయుల అల్లర్ల నేపథ్యంలో బ్రిటిష్ పాలకులు తెచ్చినది. దశాబ్దాలపాటు దాన్ని దాచుకున్న వలస ప్రభుత్వం, వెళ్లిపోయే ముందు, 1995లో మాత్రమే చెప్పుకోదగ్గంతగా సడలించింది. 1997లో అధికారం చేతులు మారగానే చైనా నియమించిన తాత్కాలిక మండలి ఆ పగ్గాలను మళ్లీ బిగించింది. అప్పటికి వాంగ్‌కు ఏడాది కూడా నిండలేదు.